ఫోను చూస్తుంది, వింటుంది, మాట్లాడుతుంది – మరి తాకి చూడగలదా?



కొద్ది నెలల క్రితం ఒక సోమవారం ఉదయం. ఓపీ ఎప్పటిలాగే రద్దీగా ఉంది. ఒక కోడలు తన అత్తగారిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని లోపలికి తీసుకువచ్చింది. మామ్మగారి కుడికాలికి పాత చీర ముక్క చుట్టి ఉంది. కట్టు విప్పకముందే వాసన గదంతా నిండింది. విప్పి చూస్తే అరికాలిలో, బొటనవేలి కింద, రూపాయి బిళ్ళంత పుండు. చుట్టూ వాపు, లోపల చీము.

"ఎన్నాళ్ళయిందమ్మా?" అని అడిగాను.

"పన్నెండు రోజులైందండీ. ముందు ఫోనులో అడిగామండీ. ఫొటో పెట్టి, తెలుగులోనే మాట్లాడి చెప్పాం. అది కూడా తెలుగులోనే చక్కగా జవాబు చెప్పింది. పైపైన గీసుకున్న గాయంలా ఉంది, శుభ్రంగా ఉంచండి, తగ్గకపోతే డాక్టరుకు చూపించండి అంది. రోజూ కడిగి మందు రాస్తూనే ఉన్నాం."

మామ్మగారు మధ్యలో అందుకున్నారు. "నొప్పి లేదు కదయ్యా! నొప్పే ఉంటే నేనే వద్దునుగా!"

ఆ ఫొటో చూపించమన్నాను. రాత్రిపూట ట్యూబులైటు వెలుతురులో తీసిన పాదం పైభాగం అది. వేలి పక్కన చిన్న ఎర్రటి గీత కనబడుతోంది. అరికాలు అందులో లేనే లేదు. కోడలు చెప్పిన మాటలు కూడా ఫోనులో అక్షరాలుగా ఉన్నాయి. "మా అత్తయ్య కాలికి చిన్న దెబ్బ తగిలింది, నొప్పేమీ లేదంటున్నారు" అని ఉంది. మామ్మగారికి పదిహేనేళ్ళుగా షుగరు ఉన్నదన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

ఆ కోడలిని నేను తప్పు పట్టలేదు. తెలిసినంతలో ఆమె శ్రద్ధగానే చూసుకుంది. ఆ యంత్రం కూడా చూపించినది చూసింది, చెప్పినది విన్నది. అయినా ఆ పన్నెండు రోజుల ఆలస్యానికి మామ్మగారు ఒక వేలు కోల్పోవలసి వచ్చింది. దేవుని దయవల్ల పాదం దక్కింది.

ఈ మధ్య ఇలా ఫోనును అడిగి వచ్చేవారు పెరుగుతున్నారు. అందుకే ఈ సంచికలో, చూడగలిగే, వినగలిగే, మాట్లాడగలిగే ఈ కొత్త "కృత్రిమ మేధ" అంటే ఏమిటి, అది ఎలా పనిచేస్తుంది, ఎక్కడ మేలు చేస్తుంది, ఎక్కడ మోసపోతుంది అన్న విషయాలను అందరికీ అర్థమయ్యేలా చెప్పదలచాను.

డాక్టరు రోగిని ఎలా చూస్తారు?

వైద్య విద్యార్థికి మొదట నేర్పించేవి నాలుగు పనులు. కళ్ళతో చూడటం, చేత్తో తాకి చూడటం, వేళ్ళతో తట్టి చూడటం, చెవితో వినడం. 1816లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు లెనెక్ ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి ఛాతీ మీద ఆనించి విన్నాడు. నేటి స్టెతస్కోపు అలా పుట్టినదే. వీటన్నిటికంటే ముందు రోగి చెప్పే మాట ఉంటుంది. "ఎప్పటినుంచి? ఎక్కడ? ఎలా మొదలైంది?" అని అడిగేది అందుకే.

ఈ సాక్ష్యాలలో ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు. రోగి "బాగానే ఉన్నాను" అంటాడు, ముఖం మాత్రం పాలిపోయి ఉంటుంది. ఎక్స్‌రే మామూలుగా ఉంటుంది, చెవికి మాత్రం ఊపిరితిత్తిలో గురగుర వినబడుతుంది. చూసినదీ, విన్నదీ, తాకినదీ కలిపి ఆలోచించడమే వైద్యం.

నిజానికి మనందరి మెదడూ ప్రతి క్షణం ఇదే పని చేస్తుంది. 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక విచిత్రమైన సంగతి ప్రకటించారు. ఒక వ్యక్తి పెదవులు "గ" అంటున్నట్లు కదిలే చిత్రాన్ని చూపిస్తూ, "బ" అనే శబ్దాన్ని వినిపించారు. చూసినవారిలో చాలామందికి "గ" వినబడలేదు, "బ" కూడా వినబడలేదు, "ద" వినబడింది! కళ్ళు మూసుకుని వింటే మాత్రం "బ" సరిగానే వినబడేది. అంటే మనం చెవులతో మాత్రమే వినడం లేదు, కళ్ళతో కూడా వింటున్నాము. గుడిలో వెనుక వరుసలో కూర్చున్న పెద్దలు, పాస్టరుగారి ముఖం కనబడకపోతే ప్రసంగం సరిగా వినబడటం లేదని అనడంలో నిజముంది.

యంత్రానికి చూపు, వినికిడి ఎలా వచ్చాయి?

కంప్యూటరుకు తెలిసినవి అంకెలు మాత్రమే. కాబట్టి మొదట అన్నిటినీ అంకెలుగా మార్చాలి.

మాట: మనం రాసిన వాక్యాన్ని చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్క ముక్కకు కొన్ని అంకెల వరుసను ఇస్తారు.

బొమ్మ: ఫొటో అంటే చిన్న చుక్కల గుంపు. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నాయో చెప్పే అంకెలు ఉంటాయి. 2020లో ప్రసిద్ధమైన ఒక పద్ధతిలో బొమ్మను నిలువుకు 16, అడ్డానికి 16 చుక్కలుండే చదరాలుగా కోసి, ఆ చదరాలను వాక్యంలోని మాటల వలె వరుసగా చదివించారు.

ధ్వని: గొంతును మైకు అందుకున్నప్పుడు, గాలిలోని కదలికను సెకనుకు వేలసార్లు కొలుస్తారు. 2022లో ఓపెన్ఏఐ సంస్థ విడుదల చేసిన "విస్పర్" అనే కార్యక్రమం సెకనుకు 16,000 కొలతలు తీసుకుంటుంది. వాటిని 30 సెకన్ల ముక్కలుగా చేసి, ఏ క్షణంలో ఏ స్వరస్థాయి ఎంత గట్టిగా ఉందో చూపే పటంగా మారుస్తుంది.

వీడియో: ఒకదాని వెంట ఒకటి వచ్చే బొమ్మలు, వాటితోపాటు నడిచే ధ్వని. ఏది ముందు, ఏది తరువాత అన్న వరుస ఇక్కడ ముఖ్యం.

అంకెలైతే వచ్చాయి. కాని "ఆవు" అన్న మాట, ఆవు బొమ్మ, "అంబా" అన్న అరుపు – ఈ మూడూ ఒకే జీవికి చెందినవని యంత్రానికి ఎలా తెలియాలి?

మన సండే స్కూలును ఒకసారి గుర్తు తెచ్చుకోండి. టీచరుగారు ఒక పక్క బొమ్మల అట్టలు, మరో పక్క పేర్ల అట్టలు పెట్టి, "ఏ బొమ్మకు ఏ పేరో జత చేయండి" అంటారు. పిల్లలు మొదట తప్పులు చేస్తారు. తప్పు చేసిన ప్రతిసారీ సరిచేస్తూ ఉంటే, కొన్నాళ్ళకు బొమ్మ చూడగానే పేరు చెబుతారు. 2021 జనవరిలో ఓపెన్ఏఐ సంస్థ ప్రకటించిన "క్లిప్" అనే యంత్రాన్ని సరిగ్గా ఇలాగే నేర్పించారు. ఇంటర్నెట్టులో దొరికిన బొమ్మలు, వాటి కింద ఉన్న రాతలు కలిపి 40 కోట్ల జతలు దానికి చూపించారు. జత కుదిరిన బొమ్మ అంకెలను, మాట అంకెలను ఒకదానికొకటి దగ్గరకు జరిపారు, కుదరనివాటిని దూరం జరిపారు. అలా మాటలు, బొమ్మలు ఒకే పటం మీద ఇరుగుపొరుగు ఇళ్ళలాగా అమరాయి.

ఆ తరువాత మార్పులు త్వరత్వరగా వచ్చాయి. 2023లో బొమ్మలను చూసి జవాబు చెప్పే జీపీటీ-4 వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో గూగుల్ సంస్థ "జెమిని"ని ప్రకటించింది. మాట, బొమ్మ, ధ్వని, వీడియో అన్నిటితోనూ మొదటి నుంచే కలిపి నేర్పించిన యంత్రమని దానిని చెప్పారు. 2024 మే నెలలో వచ్చిన జీపీటీ-4ఓ మన గొంతు విని, సగటున సెకనులో మూడో వంతు కాలంలోనే గొంతుతో జవాబు చెప్పగలదని ప్రకటించారు. ఇద్దరు మనుషులు మాట్లాడుకునేటప్పుడు మధ్యలో పట్టే వ్యవధి కూడా సుమారుగా అంతే. కాబట్టి వినేవారికి అవతల ఒక మనిషి ఉన్నట్లే అనిపిస్తుంది. ఆ మామ్మగారి ఇంట్లోనూ అలాగే అనిపించింది.

దీనివలన మేలు లేదా?

తప్పకుండా ఉంది. మంచిని మంచిగానే ఒప్పుకోవాలి.

చూపు లేనివారికి: డెన్మార్క్‌లో 2015లో మొదలైన "బి మై ఐస్" అనే సేవలో, అంధులు ఫోను కెమెరాతో చూపించినదాన్ని ఎక్కడో ఉన్న స్వచ్ఛంద సేవకులు చూసి చెప్పేవారు. 2023 నుంచి అదే సేవలో యంత్రం కూడా చూసి చెబుతోంది. డబ్బా మీద ఏం రాసి ఉందో, చొక్కా ఏ రంగో ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా తెలుసుకోవచ్చు.

చదువు రానివారికి: మన వార్డునుంచి ఇంటికి వెళ్ళేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. దానిని ఫొటో తీస్తే తెలుగులో చదివి వినిపించే సౌకర్యం నేడు ఫోనులో ఉంది. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన "భాషిణి" కూడా మన భాషల మాటను, రాతను ఒకదానినుండి మరొకదానికి మార్చడం కోసమే. అయితే మందుల మోతాదు మాత్రం అలా విని ఊరుకోకండి. నర్సమ్మతో ఒకసారి సరిచూసుకోండి.

కంటిజబ్బుకు: షుగరు వలన కంటి లోపలి పొర దెబ్బతినడాన్ని ఫొటో చూసి గుర్తించే యంత్రం గురించి 2016లో గూగుల్ పరిశోధకులు ప్రకటించారు. లక్షా ఇరవై ఎనిమిది వేలకు పైగా కంటి ఫొటోలతో దానికి నేర్పించారు. మన దేశంలోని అరవింద్, శంకర నేత్రాలయ వంటి ఆసుపత్రులు ఆ పనిలో పాలుపంచుకున్నాయి.

క్షయకు: ఛాతీ ఎక్స్‌రేను కంప్యూటరు చదివి, క్షయ అనుమానం ఉన్నవారిని ఏరడాన్ని 15 ఏళ్ళు, అంతకు పైబడినవారి విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. డాక్టర్లు తక్కువగా ఉన్న చోట్ల ఇది నిజంగా ఉపకారమే. దగ్గు శబ్దాన్ని బట్టి జబ్బును పసిగట్టే ప్రయత్నాలు కూడా జరుగుతున్నాయి. 2024లో గూగుల్ ప్రకటించిన "హియర్" అనే నమూనాకు దాదాపు 10 కోట్ల దగ్గు శబ్దాలతో నేర్పించారు. "శ్వాస" అనే దగ్గు పరీక్షను తయారుచేసిన మన హైదరాబాదుకు చెందిన శాల్సిట్ టెక్నాలజీస్, దానిని ఉపయోగించి క్షయను తొందరగా గుర్తించే అవకాశాన్ని పరిశీలిస్తోందని అప్పుడే చెప్పారు. గమనించండి, ఇవన్నీ "వీరికి పరీక్ష అవసరం" అని చెప్పేవే. కళ్ళె పరీక్షకు బదులు వచ్చేవి కావు.

ఎక్కడ మోసపోతుంది?

ఒకటి – రాతను చూసి బొమ్మను మరచిపోవచ్చు. ఇందాక చెప్పిన క్లిప్ యంత్రాన్ని తయారుచేసినవారే 2021లో ఒక తమాషా పరీక్ష చేశారు. ఒక ఆపిల్ పండును చూపిస్తే ఆపిల్ అని సరిగానే చెప్పింది. అదే పండు మీద "ఐపాడ్" అని చేత్తో రాసిన కాగితం అంటించి చూపిస్తే, ఇది ఐపాడ్ అనేసింది! కళ్ళెదుట పండు ఉన్నా, కాగితం మీది మాట గెలిచింది. తరువాత వచ్చిన యంత్రాలు ఇంతకంటే మెరుగయ్యాయి. అయినా మనం ముందే "ఇది దోమ కాటేనా?" అని పేరు పెట్టి అడిగితే, ఆ పేరు వైపే మొగ్గే ప్రమాదం నేటికీ ఉంది. కోడలు "చిన్న దెబ్బ" అంది. యంత్రం చిన్న దెబ్బనే చూసింది.

రెండు – వినబడనిది రాయవచ్చు. విస్పర్‌కు 6,80,000 గంటల మాటలతో నేర్పించారు. అందులో తెలుగు మాటను తెలుగులోనే రాసిన భాగం చాలా స్వల్పం. 2024లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, ఆ యంత్రం రాసిపెట్టిన ముక్కలలో వందకు సుమారు ఒకదానిలో, ఎవరూ అనని వాక్యాలు కనబడ్డాయి. పక్షవాతం వంటి వాటి వలన మాట దెబ్బతిని, మధ్యమధ్య ఎక్కువసేపు ఆగి మాట్లాడేవారి విషయంలో ఇది ఎక్కువగా జరిగింది. మౌనాన్ని అది మౌనంగా వదిలిపెట్టలేక, ఏదో ఒక మాటతో నింపింది. వందలో ఒకటే కదా అనుకోవచ్చు. ఆ ఒకటి ఎవరూ చెప్పని మందు పేరైతే?

మూడు – చూపు బాగుండాలంటే వెలుతురు బాగుండాలి. ఇందాక చెప్పిన కంటి పరీక్ష యంత్రాన్ని థాయిలాండులోని 11 క్లినిక్కులలో వాడి చూసిన సంగతి 2020లో ప్రచురించారు. పరిశోధనశాలలో అంత బాగా పనిచేసిన యంత్రం, అక్కడి గదులలో వెలుతురు సరిగా లేక, ఐదింట ఒక వంతుకు పైగా ఫొటోలను చదవలేనని తిప్పికొట్టింది. ఇబ్బంది కలిగినా, "నాకు కనబడటం లేదు" అని చెప్పిన ఆ యంత్రం నయం. మసక ఫొటో చూసి కూడా తడబడకుండా జవాబు చెప్పేదే ఎక్కువ ప్రమాదం.

నాలుగు – మన చర్మపు రంగు. చర్మవ్యాధులను గుర్తించే కొన్ని యంత్రాలను అమెరికాలో పరీక్షించగా, నల్లని చర్మం మీద అవి ఎక్కువగా పొరబడుతున్నాయని 2022లో తేలింది. నేర్పించిన ఫొటోలలో తెల్లని చర్మమే ఎక్కువగా ఉండటం దీనికి ఒక కారణం. తెల్లని చర్మం మీద ఎర్రగా కనబడే వాపు, మన చర్మం మీద నల్లగానో ఊదాగానో కనబడవచ్చు.

ఐదు – తాకలేదు, వాసన చూడలేదు. మామ్మగారి పాదాన్ని తాకితే వెచ్చగా ఉంది. పది గ్రాముల ఒత్తిడితో వంగే సన్నని నైలాను దారాన్ని అరికాలికి ఆనిస్తే ఆమెకు తెలియనే లేదు. షుగరు వలన నరాలు మొద్దుబారాయి. అందుకే నొప్పి లేదు! మనకు ధైర్యమిచ్చిన ఆ "నొప్పి లేదు" అన్న మాటే అసలైన హెచ్చరిక. ఇది తెలియాలంటే తాకాలి, లేదా "షుగరు ఉందా?" అని అడగాలి.

ఇస్సాకు చేసిన పొరపాటు

ఈ వ్యాసం రాస్తున్నప్పుడు ఆదికాండము 27వ అధ్యాయము పదేపదే గుర్తుకు వచ్చింది. ఇస్సాకు వృద్ధుడై చూపు కోల్పోయాడు. యాకోబు తన అన్న బట్టలు వేసుకుని, చేతులకు మేకపిల్లల చర్మం కప్పుకుని తండ్రి ఎదుటికి వచ్చాడు. తండ్రికి కళ్ళు లేవు గాని మిగిలిన సాక్ష్యాలున్నాయి. చెవితో విన్నాడు, గొంతు యాకోబుదిగా తోచింది. చేత్తో తడిమాడు, రోమాలున్న ఏశావు చేయిగా తోచింది. రుచి చూశాడు, బట్టల వాసన చూశాడు, అవి కూడా ఏశావు వైపే చెప్పాయి.

ఇస్సాకు అజాగ్రత్తపరుడు కాడు. అనుమానించాడు, మళ్ళీ అడిగాడు, తాకి చూశాడు. కాని సాక్ష్యాలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు, ఎక్కువ సాక్ష్యాలు ఎటు చెబితే అటు వెళ్ళిపోయాడు. గొంతు ఒక్కటే నిజం చెప్పింది. ఆ ఒక్కదాని దగ్గర ఆగి ఉంటే, ఇంట్లో ఇంకొకరిని పిలిచి అడిగి ఉంటే తెలిసిపోయేది.

నేటి యంత్రాల కష్టం కూడా ఇదే. బొమ్మ ఒకటి చెప్పి, మాట మరొకటి చెప్పినప్పుడు దేనిని నమ్మాలి? చాలాసార్లు అవి రెంటినీ సర్దిపుచ్చి, తడబాటు లేని ఒక జవాబు ఇచ్చేస్తాయి. మంచి డాక్టరైతే అక్కడే ఆగుతారు. "మాటకు, గాయానికి పొత్తు కుదరడం లేదే" అని మళ్ళీ మొదటినుంచి అడుగుతారు. అందుకే వైద్యంలో పొసగని సాక్ష్యం ఒక్కటున్నా దానిని పక్కకు నెట్టకూడదు.

దొంగ గొంతుతో జాగ్రత్త

మాటను, గొంతును, ముఖాన్ని కలిపి చదవగలిగిన విద్యే, వాటిని కల్పించడానికి కూడా పనికివస్తోంది. 2024 తొలి నెలల్లో హాంకాంగ్‌లో ఒక కంపెనీ ఉద్యోగి వీడియో కాల్‌లో తన పై అధికారులను, తోటివారిని చూసి, వారి గొంతు విని, చెప్పిన ఖాతాలకు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపించాడు. తరువాత తెలిసింది, ఆ కాల్‌లో కనబడిన మిగతావారంతా కల్పితం!

మన సంఘ కుటుంబాలలో పిల్లలు హైదరాబాదులో, గల్ఫులో, అమెరికాలో ఉన్నవారు చాలామంది ఉన్నారు. "నాన్నా, యాక్సిడెంటైంది, ఆసుపత్రిలో ఉన్నాను, వెంటనే డబ్బు పంపించు" అని అచ్చం కొడుకు గొంతుతో ఫోను రావచ్చు. గొంతు యాకోబుదైనా సరే, ఫోను పెట్టేసి, మీ దగ్గర ఉన్న పాత నంబరుకు మీరే ఫోను చేయండి. ఇంటివారికి మాత్రమే తెలిసిన ఒక గుర్తు మాటను ముందే అనుకుని ఉంచుకోండి. మోసపోయామని తెలిసిన వెంటనే, ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి. పేరున్న డాక్టరు ముఖంతో "ఈ పొడి వాడితే షుగరు మాత్రలు మానేయవచ్చు" అని చెప్పే వీడియోలు కూడా తిరుగుతుంటాయి. ఎవరి ముఖం కనబడినా సరే, మీ డాక్టరును అడగకుండా మాత్రలు మానవద్దు.

మీరు చేయవలసినవి

1. ఫోనును అడగడం తప్పు కాదు. అయితే దాని జవాబును, డాక్టరును ఏమేమి అడగాలో తెలుసుకోవడానికి వాడుకోండి. డాక్టరుకు బదులుగా వాడకండి.

2. ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం, మాట తడబడటం, ఫిట్స్, పాము కాటు, గర్భిణికి రక్తస్రావం, పసిబిడ్డ పాలు తాగకపోవడం – వీటికి ఫోనులో ఏమీ వెతకవద్దు. 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి రండి.

3. షుగరు ఉన్నవారి కాలి పుండు ఎంత చిన్నదైనా, నొప్పి లేకపోయినా, ఆ రోజే చూపించండి. రోజూ రాత్రి పడుకునే ముందు రెండు అరికాళ్ళూ, వేళ్ళ సందులూ చూసుకోండి. వంగలేనివారు అద్దం కింద పెట్టి చూసుకోవచ్చు, లేదా ఇంటివారిని చూడమనవచ్చు.

4. డాక్టరుకు ఫొటో పంపవలసి వస్తే, పగటి వెలుతురులో, అన్ని వైపులనుంచి తీయండి. పరిమాణం తెలియడానికి పక్కన ఒక నాణెం పెట్టండి.

5. మాటల్లో చెప్పేటప్పుడు జబ్బుకు మీరే పేరు పెట్టకండి. కనబడినది, ఎన్నాళ్ళుగా ఉన్నది చెప్పండి. వయస్సు, షుగరు, బీపీ, గర్భం, వాడుతున్న మందులు తప్పక చెప్పండి.

6. ఇతరుల గాయాలు, ఎక్స్‌రేలు, రిపోర్టులు వారి అనుమతి లేకుండా ఏ ఫోను కార్యక్రమానికీ, ఏ వాట్సాప్ గ్రూపుకూ పంపవద్దు. ప్రార్థన కోసమైనా సరే, ముఖం, పేరు కనబడకుండా చూడండి.

7. ఫోను చెప్పినది డాక్టరు వద్ద దాచవద్దు. "ఇలా అడిగాం, ఇలా చెప్పింది" అని చూపించండి. మేము కోప్పడము. ఆ కోడలు చూపించింది కాబట్టే, ఎక్కడ పొరపాటు జరిగిందో ఇద్దరికీ తెలిసింది.

చివరిగా ఒక మాట

మామ్మగారు మూడు వారాలు వార్డులో ఉన్నారు. రోజూ డ్రెస్సింగ్ చేసే సిస్టరు, కట్టు విప్పగానే మొదట పాదం మీద అరచేయి ఉంచి వెచ్చదనం చూసేది. ఒక రోజు మామ్మగారు అడిగారు, "ఏమ్మా, కళ్ళతో చూస్తే సరిపోదా? ఈ పుండును రోజూ ఎందుకు పట్టుకుంటావు?" అని. "కళ్ళకు తెలియనిది చేతికి తెలుస్తుంది మామ్మగారూ" అని సిస్టరు జవాబు చెప్పింది.

మన ప్రభువు కుష్ఠరోగిని మాటతోనే బాగుచేయగలిగి కూడా చేయి చాపి ముట్టాడని సువార్తలలో చదువుతాము. మిషను ఆసుపత్రులు ఆ చేతిని చూసే మొదలయ్యాయి. యంత్రాలు ఇంకా బాగా చూడవచ్చు, ఇంకా బాగా వినవచ్చు. అవి మనకిచ్చే సహాయాన్ని కృతజ్ఞతతో తీసుకుందాము. కాని జబ్బుపడినవారిని దగ్గరకు తీసుకురండి. దగ్గర కూర్చుని, తాకి చూసేవారి అవసరం మాత్రం తీరిపోలేదు.

మామ్మగారు ఇప్పుడు ప్రత్యేకమైన చెప్పులు వేసుకుని, ఆదివారం ఆరాధనకు నడిచే వస్తున్నారు. కోడలు రోజూ రాత్రి ఆమె అరికాళ్ళు చూస్తోందట. ఫోనుతో కాదు, టార్చిలైటు వేసుకుని, చేత్తో పట్టుకుని.

దేవుడు మిమ్మును, మీ కుటుంబాలను ఆరోగ్యముతో దీవించును గాక!